గంటన్నరలో కువైటు

లీలావతికి ఈ భూమ్మీద అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన మొగుడు ఎక్కడో తప్పిపోతాడు, తప్పిపోయిన సంగతి ఆయనకే తెలియదు. మిగతా ఆడవాళ్ళు మొగుడు తాగుతాడనో, చెయ్యి చేసుకుంటాడనో భయపడతారు. లీలావతికి ఆ దిగుళ్ళు లేవు. ఏలీయా బుద్ధిమంతుడు. తాపీమేస్త్రి. ఆయన కట్టిన గోడ పదేళ్ళయినా పగులివ్వదు. కానీ బండెక్కి కూర్చున్నాడంటే చాలు, చక్రం ఒక చుట్టు తిరిగేలోపే నిద్రపోతాడు. పెళ్ళయిన కొత్తలో మిఠాయి తెస్తానని రాజోలు బయలుదేరి, బస్సులో నిద్రపోయి అమలాపురంలో లేచాడు. తిరుగు బస్సెక్కి మళ్ళీ నిద్రపోయి దిండి రేవులో లేచాడు. ఒకే పూటలో రాజోలు మీదుగా రెండుసార్లు వెళ్ళి, రాజోలు చూడకుండా ఇంటికొచ్చిన మనిషి ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే.

అటువంటి మనిషి ఇప్పుడు విమానమెక్కి కువైటు వెళ్ళాడు.

ఇది ఈ ఎనభైమూడో సంవత్సరం, మే నెల సంగతి. దిండి రేవుకి దగ్గర్లోని ఆ ఊరినుంచి అప్పటికే నలుగురైదుగురు గల్ఫు వెళ్ళి ఉన్నారు. ఏలీయాని రాజోలు ఏజెంటు కనకరాజు రాజమండ్రిలో రైలెక్కించాడు. బొంబాయిలో ఎవరో దించుకుని విమానమెక్కిస్తారన్నాడు. దిగిన మర్నాడు పొద్దున్న పదింటికి రైసుమిల్లు ఫోనుకి ట్రంకాల్ చేస్తానని ఏలీయా పెళ్ళానికి మాటిచ్చి వెళ్ళాడు.

ఆ రోజుకి లీలావతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు నెలల రూతుకి తలంటిపోయడం, పిల్ల పడుకుంటే దోసెల పిండి రుబ్బడం, పదింటికల్లా మిల్లు దగ్గర ఉండటం. తలంటు సగంలో ఆపి, పిండి ముట్టుకోకుండానే తొమ్మిదిన్నరకి తడిజుట్టు పిల్లని చంకనేసుకుని మిల్లు వరండాలో నిలబడింది. అత్త మరియమ్మ వెనకాలే వచ్చి ధాన్యం బస్తా మీద కూర్చుంది.

పదయింది. ఫోను మోగలేదు. పదకొండయింది. రూతు ఏడ్చింది, నిద్రపోయింది, లేచి మళ్ళీ ఏడ్చింది.

"గల్ఫు ఫోన్లంటే అంతేనమ్మా. లైను దొరకాలి, దొరికిన లైను నిలబడాలి," అన్నారు మిల్లు యజమాని బంగారరాజు గారు. ఊళ్ళో ఫోను ఆయనొక్కరికే ఉంది గనక ఫోన్ల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు.

"లైనుకేం గాని బాబూ, మావోడు ఫోను పక్కన కూచుని నిద్రోయేడేమో," అంది మరియమ్మ.

పన్నెండున్నరకి ఫోను మోగింది. బంగారరాజు గారు ఎత్తి, రెండుసార్లు హలో అని, లీలావతి చేతికిచ్చారు. కువైటు ఎంత దూరమో అంత గట్టిగా అరవాలని ఏలీయాకి ఎవరు చెప్పారో గానీ, ఆ మాటలు వినడానికి ఫోను అవసరమే లేకపోయింది. కాటా దగ్గర బస్తాలు తూస్తున్నవాళ్ళు కూడా పని ఆపి విన్నారు.

"లీలావతీ! నేనేనే! చేరిపోయేను!"

"క్షేమంగా ఉన్నారాండీ? ఎప్పుడు దిగేరు?"

"నిన్న పొద్దున్న ఎనిమిదింటికి బొంబాయిలో ఎగిరింది. తొమ్మిదిన్నరకి ఇక్కడ దింపేసింది. అలా కూచున్నాను, ఇలా కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి కువైటే! మన రేవులో గోదారి దాటించే పంటి కోసం కాసుకున్నంతసేపు కూడా పట్టలేదే!"

"అన్నం పెట్టేరా?"

"పెద్ద పళ్ళెంలో అన్నం, మాంసం కలిపి పెట్టేసేరు. ఎండ మాత్రం మాడ్చేస్తుంది. ఎటు చూసినా గడ్డాలోళ్ళే, మసీదులే. ఉర్దూ మాట్లాడేవోళ్ళు బోల్డుమంది. మన తెలుగోళ్ళయితే చెప్పక్కర్లేదు, మా గదిలోనే నలుగురు..."

అక్కడితో లైను తెగిపోయింది. లీలావతి ఫోను పెట్టేసింది. తర్వాత గట్టిగా ఊపిరి పీల్చుకుని నవ్వింది. పది రోజులుగా గుండెల మీద కూర్చున్న బస్తా ఎవరో దింపినట్టయింది.

ఆ నవ్వు మిల్లు గుమ్మం దాటలేదు.

"ఏవమ్మా," అన్నారు బంగారరాజు గారు, గోడ గడియారం వంక చూస్తూ. "నాకో చిన్న అనుమానం. ఎనిమిదింటికి ఎక్కి తొమ్మిదిన్నరకి దిగేడంటే, గంటన్నరే కదా?"

"ఆయ్."

"నేను మొన్న పాలకొల్లు వెళ్ళొచ్చేను. మన దిండి రేవులో పంటి వచ్చి, ఎక్కించుకుని, అవతల ఒడ్డున దింపేసరికి గంటన్నర. అంటే ఈ గోదారి దాటడానికి ఎంతో, ఆ సముద్రం దాటడానికీ అంతేనంటావా?"

లీలావతి కూడా గడియారం వంక చూసింది. ఏడో తరగతిలో ఉండగా తల్లికి కాన్పొస్తే, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఆమె చేత బడి మాన్పించారు. అప్పటినుంచీ పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఫోనున్నవాళ్ళు ఏమన్నా నిజమే అయి ఉంటుందనుకోవడం ఆమెకి అలవాటు. గుండెల మీంచి దిగిన బస్తా మళ్ళీ ఎక్కి కూర్చుంది.

"మాస్టారిని అడుగుదాం," అంది భయంభయంగా.

ఆ ఊళ్ళో మాస్టారంటే ప్రభాకరరావు గారే. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్ళు లెక్కలూ సోషలూ చెప్పి రిటైరయ్యారు. చర్చి పెద్ద. రిటైరయ్యాక అడిగేవాళ్ళు లేక ఆయన జ్ఞానమంతా అలాగే పేరుకుపోయి ఉంది. లీలావతి చెప్పింది విన్నాక ఆయన మొహంలో కనిపించింది విచారం కాదు, వెలుగు.

"కూర్చోండి. దీన్ని మనం శాస్త్రీయంగా చూడాలి," అని లోపలికెళ్ళి పాత అట్లాసు తెచ్చారు. అందులో కువైటు పెసరగింజంత ఉంది. మరియమ్మ దగ్గర దారం అడిగి తీసుకుని, ఒక కొస బొంబాయి మీద, రెండో కొస పెసరగింజ మీద పెట్టి లాగారు. ఆ దారాన్ని స్కేలు పక్కన పెట్టారు. కళ్ళద్దాలు తీసి తుడిచారు. పలక మీద గుణించారు.

"సుమారు పదిహేడువందల మైళ్ళు. విమానం ఎంత పరిగెత్తినా గంటకి ఐదువందల మైళ్ళ లోపే. ఎక్కడం, దిగడం, మలుపులు అన్నీ కలుపుకుంటే నాలుగు గంటలు. మీ ఆయన ఎంతలో వెళ్ళేనన్నాడు?"

"గంటన్నరండీ."

"అయితే మీ ఆయన కువైటు వెళ్ళలేదమ్మా," అన్నారు మాస్టారు. ఫెయిలైన పిల్లాడి తండ్రితో మాట్లాడే గొంతు అది.

లీలావతి పిల్లని గట్టిగా పట్టుకుంది. "మరి ఎక్కడున్నారండీ? సముద్రంలోనా?"

"సముద్రంలోంచి ఫోనెలా చేస్తాడే?" అని మరియమ్మ కోడలిని కసిరింది. కసిరాక ఆమె కూడా మాస్టారి మొహంలోకి చూసింది.

మాస్టారు వృత్తలేఖిని తీసుకున్నారు. బొంబాయి మీద ముల్లు గుచ్చి, గంటన్నర దూరానికి సున్నా చుట్టారు. ఆ సున్నాలో సగం నీళ్ళు. మిగతా సగంలో ఆయన వేలు నెమ్మదిగా ఊరూరూ తిరిగి, ఒక చోట ఆగింది.

"ఏలీయా ఏమన్నాడో మళ్ళీ చెప్పు. ఒక్క ముక్క వదలకుండా."

"అన్నంలో మాంసం కలిపి పెట్టేరన్నారు."

"బిరియానీ," అన్నారు మాస్టారు.

"మసీదులు, గడ్డాలోళ్ళు, ఉర్దూ."

"ఊఁ."

"ఎండ మాడ్చేస్తుందన్నారు. తెలుగోళ్ళు చాలామంది ఉన్నారన్నారు."

మాస్టారు అట్లాసు మూసేశారు. "ఇంకేం కావాలమ్మా? కువైటులో తెలుగువాళ్ళు గదికి నలుగురు ఎందుకుంటారు? మీ ఆయన హైదరాబాదులో ఉన్నాడు."

మరియమ్మ తన దారం వెనక్కి తీసుకుని వేలికి చుట్టుకుంది. లీలావతికి మాత్రం నమ్మకం కుదిరిపోయింది. ఆమె భయపడిందంతా అక్షరాలా అలాగే ఉంది. బొంబాయిలో విమానమెక్కించారు, గాల్లో ఒక చుట్టు తిప్పారు, హైదరాబాదులో దింపి కువైటన్నారు. ఎక్కిన దగ్గరినుంచీ దిగేదాకా నిద్రపోయిన మనిషి, ఏ ఊళ్ళో లేపితే అదే ఊరనుకుంటాడు. తప్పిపోయానని తెలిసినవాడైతే ఎవరినో ఒకరిని దారి అడుగుతాడు. ఈయన ఎవరినీ అడగడు. రెండేళ్ళూ అక్కడే గోడలు కట్టుకుంటూ, కువైటులో ఉన్నాననుకుని, ఇంటికి రావాలంటే సముద్రం దాటాలి కదా అని ఊరుకుంటాడు.

"హైదరాబాదయితే నయమేనే," అంది మరియమ్మ, కొంచెం తేరుకుని. "తెలుగు తెలుసును గదా, అన్నం అడిగి తింటాడు."

"అత్తయ్యా, మీకేం తెలీదు, ఊరుకోండి!" అని లీలావతి ఏడ్చేసింది. అత్తకి ఎదురు చెప్పడం ఆమెకి అదే మొదటిసారి.

సాయంత్రానికి ఆ ఊళ్ళో ఏలీయా ఉనికి గురించి మూడు రకాల కబుర్లు తిరుగుతున్నాయి. చార్మినారు దగ్గర తాళ్ళతో కట్టేసి గోడలు కట్టిస్తున్నారని ఒకటి. కట్టెయ్యలేదు, ఆయనకే నచ్చి ఉండిపోయాడని ఇంకొకటి. మూడోదాంట్లో ఒక గాజుల కొట్టావిడ కూడా వచ్చి చేరింది. అది లీలావతి దాకా రాకుండా మరియమ్మ వీధి గుమ్మంలో చీపురు పట్టుకుని కూర్చుంది. ప్రార్థన చెయ్యమని వచ్చినవాళ్ళు, కువైటులో ఉన్న ఏలీయా కోసమా, హైదరాబాదులో ఉన్న ఏలీయా కోసమా అని వాదించుకుంటుంటే, పాస్టరు గారు ఎందుకైనా మంచిదని "నీ బిడ్డ ఎక్కడున్నా సరే ప్రభువా" అని మొదలుపెట్టారు.

మర్నాడు పొద్దున్న ఏజెంటు కనకరాజు పాలకొల్లు వెళ్ళడానికి దిండి రేవులో పంటి ఎక్కాడని తెలిసింది. ఊరంతా రేవుకి కదిలింది. అప్పటికే పంటి గోదావరిలో సగం దూరం పోయింది. బంగారరాజు గారు కండువా ఊపారు. మాస్టారు గొడుగు ఊపారు. ఆయన దగ్గర చదువుకున్న సరంగు, మాస్టారు ఇప్పటికీ కొడతారేమోనని భయపడి, పంటిని వెనక్కి తిప్పాడు. పంటి మీదున్న పెళ్ళివారు ముహూర్తం దాటిపోతుందని గోలపెట్టారు గానీ, విషయం తెలిశాక పెళ్ళికొడుకుతో సహా దిగి చుట్టూ మూగారు.

కనకరాజు సిల్కు చొక్కా, నల్లకళ్ళద్దాలతో దిగాడు. లీలావతి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. చంకలో పిల్ల ఉంది. మాట సూటిగానే వచ్చింది.

"మా ఆయన ఎక్కడున్నారండీ?"

"కువైటులో అమ్మా! ఇంకెక్కడుంటారు?"

"మీరు చూసేరా?"

"నేనెలా చూస్తానమ్మా? బొంబాయి ఆఫీసాయన పంపించేనన్నాడు."

"ఆయన చూసేడాండీ?"

"ఆయన విమానాశ్రయం గేటు దాకా వెళ్ళుంటాడు..."

"కువైటు మీరెప్పుడన్నా వెళ్ళేరా?"

కనకరాజు నల్లకళ్ళద్దాలు తీశాడు. "లేదమ్మా. నేను రాజమండ్రిలో రైలెక్కిస్తాను. అక్కణ్ణించి అంతా నమ్మకమే."

మాస్టారు పంటి తాడు కట్టే గుంజ మీద అట్లాసు పరిచి, దారం, సున్నా, పదిహేడువందల మైళ్ళు అన్నీ మళ్ళీ చెప్పారు. చెప్తున్నకొద్దీ కనకరాజు మొహం మారిపోయింది. మొదట కోపం, తర్వాత చెమట, చివరికి జాలి. జాలి తనమీదే.

"అయితే మాస్టారూ," అన్నాడు నీరసంగా. "ఇప్పటిదాకా నేను పంపించినోళ్ళంతా కూడానాండీ?"

"లెక్క ప్రకారం అంతే."

"మా బావమరిదిని కూడా పంపేనండీ బాబూ!" అని కనకరాజు రేవు మెట్ల మీద కూలబడ్డాడు. "ఆ బొంబాయాయన నాకెంత నమ్మకంగా చెప్పేడండీ! అసలింతకీ కువైటనే ఊరుందాండీ?"

"ఊరు కాదు, దేశం. ఉంది," అన్నారు మాస్టారు, పెసరగింజ చూపిస్తూ.

మోసపోయినవాడికి ఎవరైనా జాలిపడతారు గనక జనం కనకరాజుకి మంచినీళ్ళిచ్చారు. అప్పుడు గుంపులోంచి రాఘవులు ముందుకొచ్చాడు. అతను గల్ఫు వెళ్ళడానికి పాస్‌పోర్టు తీయించుకుని ఆరు నెలలుగా ఎదురుచూస్తున్నవాడు. అతను వీసా గురించి గొడవ పెట్టుకుంటాడని అందరూ అనుకున్నారు.

"కనకరాజు గారూ, నాకో మాట చెప్పండి. ఆ హైదరాబాదు కువైటులో జీతం మాత్రం కువైటు జీతమేనాండీ?"

"ఏమో బాబూ, అలాగే చెప్పేరు."

"అయితే నాకు అదే ఇప్పించండి. విమానం కూడా వద్దు, నేను బస్సులో పోతాను. పండక్కీ పబ్బానికీ ఇంటికి రావచ్చు."

వెనకాల నిలబడ్డ ఆరుగురు "ఆయ్, మాక్కూడా" అన్నారు. పెళ్ళికొడుకు కూడా వివరాలు కనుక్కుని వెళ్ళాడు. కూలబడ్డ కనకరాజు మెల్లగా లేచి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. లీలావతి పిల్లని ఈ చంకనుంచి ఆ చంకకి మార్చుకుంది. తన మనిషి దిక్కులేకుండా పోతే, వీళ్ళు ఆ దిక్కుకే బయలుదేరుతున్నారు.

"ఉద్యోగాల సంగతి తర్వాత చూసుకోండయ్యా! ముందు మా ఆయన్ని ఎవరు తెస్తారు?" అని అరిచింది. ఆ అరుపుకి రూతు ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"నేను తెస్తానమ్మా," అన్నారు ప్రభాకరరావు గారు. ముప్పై ఏళ్ళుగా ఆ మాట అనడానికి ఆయనకి ఒక్క సందర్భం రాలేదు. "కనకరాజు నాతో వస్తాడు. ఏలీయాని వెంటబెట్టుకోకుండా ఈ రేవులో అడుగు పెట్టను. ఇది చర్చి పెద్దగా అంటున్న మాట."

కనకరాజు రానంటే ఊరు ఊరుకునేలా లేదు. ఆ మధ్యాహ్నమే ఇద్దరూ బయలుదేరారు. గుర్తుకి ఫోటో కావాలంటే లీలావతి పెళ్ళిఫోటో ఇచ్చింది. వాళ్ళింట్లో ఏలీయా ఫోటో అదొక్కటే. అందులో లీలావతి నిలువుగుడ్లతో చూస్తోంది. ఏలీయా కళ్ళు మూసేసి ఉన్నాడు.

"కళ్ళు తెరిచినది లేదా?" అన్నారు మాస్టారు.

"తీసేవాడు రెడీ అనేసరికి కునుకు పట్టిందన్నారండీ," అంది లీలావతి సిగ్గుపడుతూ.

"ఫరవాలేదు. మేస్త్రి కదా. కొత్తగా కడుతున్న మేడలన్నీ వరసపెట్టి చూస్తాను," అని అట్లాసు చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు.

తర్వాతి మూడు రోజులూ లీలావతి సరిగ్గా తినలేదు. రూతుకి పాలు పడుతూ పట్టే చెయ్యి ఆపేసి, ఆయనకి అసలు తెలుసో లేదో అనేది. "తెలీకపోతేనే నయం. తెలిస్తే కంగారుపడి ఇంకో బస్సెక్కేస్తాడు," అనేది మరియమ్మ. అదీ నిజమే అనిపించి లీలావతికి ఇంకా దడ పుట్టేది.

శుక్రవారం మిల్లునుంచి కబురొచ్చింది, ఫోను అని. లీలావతి పిల్లని చంకనేసుకుని పరిగెత్తింది, వెనకాలే మరియమ్మ. మాస్టారనుకుంది. ఫోనులో ఏలీయా.

"లీలావతీ! ఇవాళ మాకు సెలవే!"

"శుక్రవారం సెలవేంటండీ? నిజం చెప్పండి. ఏ ఊళ్ళో ఉన్నారు మీరు?"

"ఏ ఊరేంటే! కువైటు!"

"అలాగని వాళ్ళు చెప్పేరా, మీరు చూసేరా?"

ఆ ప్రశ్న ఏలీయాని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "బోర్డుల మీద రాసుంటుంది కదే."

"మీకు చదవడానికొచ్చిందా?"

"లేదు. అన్నీ పురుగులు పాకినట్టుంటాయి."

"ఉర్దూయే!" అన్నారు పక్కనుంచి బంగారరాజు గారు.

"మీరున్నచోట చార్మినారు కనిపిస్తుందా?" అని లీలావతి గట్టిగా అడిగింది.

"చార్మినారేంటే? సముద్రం పక్కన పొడుగ్గా స్తంభాల్లాంటివి ఉన్నాయి, కొత్తగా కట్టేరంట. రెండింటికి పెద్ద బుంగలు కూడా ఉన్నాయి."

"మొత్తం ఎన్ని?"

"మూడు."

"చార్మినారుకి నాలుగుండాలి కదా," అన్నారు బంగారరాజు గారు ఆలోచనగా. "నాలుగోది ఇంకా కట్టలేదేమో. అయినా హైదరాబాదులో సముద్రం ఉందంటావా అమ్మా?"

లీలావతికి ఆ మాట కొంచెం తగిలింది. జవాబు చెప్పబోయేలోపు నెత్తిమీద మిల్లు కూత పెట్టింది. గోడలు అదిరాయి. రూతు చెవులు మూసుకుంది. కూత ఆగేదాకా ఎవరికీ ఏమీ వినపడలేదు.

"ఏటే ఆ గోల?" అన్నాడు ఏలీయా.

"మిల్లు కూతండీ. పన్నెండయింది, కూలోళ్ళు భోజనాలకి దిగేరు."

"పన్నెండేంటే? పొద్దున్నే అప్పుడే భోజనాలేంటి? నేనింకా టీ తాగుతున్నాను. తొమ్మిదిన్నర!"

"మీ వాచీ ఆగిపోయుంటుంది."

"ఆగలేదే! గోడ గడియారంలోనూ అంతే. మా గదిలో నలుగురికీ అంతే. మీ మిల్లుదే పాడయ్యుంటుంది, రాజుగారికి చెప్పు."

బంగారరాజు గారు నొచ్చుకున్నారు. ఆ కూత మీద చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు వంట చేసుకుంటాయి. లీలావతి కిటికీలోంచి బయటికి చూసింది. చెట్టు నీడ చెట్టు మొదట్లోనే ఉంది. మిట్టమధ్యాహ్నం.

"ఏవండీ, బయటికెళ్ళి ఎండ ఎలా ఉందో చూడండి. నెత్తిమీదుందా, పక్కనుందా?"

ఫోనులో అడుగుల చప్పుడు వెళ్ళింది, వచ్చింది. "పక్కనేనే. గోడ నీడ ఇంకా పొడుగ్గా పడుతుంది."

లీలావతి వేళ్ళు మడిచింది. తొమ్మిదిన్నర నుంచి పన్నెండుకి రెండున్నర. మొన్న పదింటికి చేస్తానన్న ఫోను పన్నెండున్నరకి వచ్చింది. అదీ రెండున్నరే. ఆ రోజు ఆయన అక్కడ తొమ్మిదిన్నరకి దిగినప్పుడు, ఈ మిల్లు గడియారంలో ఎంతయి ఉంటుంది? మళ్ళీ మడిచింది. పన్నెండు. బొంబాయిలో ఎగిరిన ఎనిమిది నుంచి పన్నెండుకి నాలుగు గంటలు. మాస్టారి పలక మీద వచ్చింది కూడా నాలుగే.

"ఏవండీ," అంది, మడిచిన వేళ్ళ వంకే చూస్తూ. "మీరు కువైటులోనే ఉన్నారండీ."

"నేను మొదట్నించీ అదే చెప్తున్నాను కదే!" అన్నాడు ఏలీయా. లైను తెగిపోయింది.

బంగారరాజు గారికి విప్పి చెప్పడానికి ఆమెకి కొంత సమయం పట్టింది. "మరి ఆ రెండున్నర గంటలూ ఏమయ్యేయంటావమ్మా?" అన్నారాయన.

"ఎక్కడికీ పోలేదండీ. వాళ్ళకింకా రాలేదు. మనకి ముందు తెల్లారుతుంది."

"అంటే వాళ్ళకంటే మనమే ముందన్నమాట!" అంది మరియమ్మ. కువైటు మీద ఆమెకున్న గౌరవం ఆ క్షణమే సగానికి పడిపోయింది.

ఊళ్ళో మాత్రం ఈ సంగతిని ఎవరూ అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ఏజెంట్లు అన్నిట్లోనూ కమీషను తింటారని అందరికీ తెలుసు. ఏలీయా ప్రయాణంలో రెండున్నర గంటలు కూడా వాళ్ళే తినేశారని తీర్మానించారు. రాఘవులయితే తనకి పూర్తిగా నాలుగు గంటలూ ఇప్పించేదాకా విమానమెక్కనని పట్టుబట్టాడు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత గ్లోబు మీద రేఖాంశాలు గీయించి, గీతకి నాలుగు నిమిషాల తేడా అని వల్లె వేయించిన మాస్టారికి, ఆ గీతలు పరీక్ష పేపరు మీదనుంచే కాకుండా ఏలీయా మీదనుంచి కూడా వెళ్తాయని ఎందుకు తట్టలేదో ఎవరూ అడగలేదు. అడగడానికి ఆయన ఊళ్ళో లేరు.

లీలావతికి మళ్ళీ ఆకలేసింది. దోసెల పిండి రుబ్బింది. తెల్లవారుజామున పిల్ల ఏడ్చి తనని లేపినప్పుడు, అక్కడ ఆయనకింకా రెండున్నర గంటల నిద్ర మిగిలుందని తలుచుకుని నవ్వుకుంది. నవ్వాక కొంచెం కుళ్ళుకుంది కూడా.

ఆదివారం కనకరాజు ఒక్కడే తిరిగొచ్చాడు. చొక్కా చేయి చిరిగి ఉంది. నల్లకళ్ళద్దాలకి ఒక అద్దమే మిగిలింది.

"మాస్టారేరీ?" అంది లీలావతి.

"నావల్ల కాలేదమ్మా. హైదరాబాదులో కొత్తగా కట్టే మేడలెన్నో ఆ దేవుడికే తెలియాలి. మేస్త్రీలంతా మధ్యాహ్నం తిని ఇసకలో నడుం వాలుస్తారా, కళ్ళు మూసుకున్న ప్రతోడూ ఫోటోలో మీ ఆయనలాగే ఉంటాడు. మాస్టారు ఒక్కొక్కణ్ణే లేపి, నువ్వు కువైటులో లేవు బాబూ, ఇది హైదరాబాదు, భయపడకు అని చెప్తున్నారు. మాకు తెలుసండి అంటే వినరు. పాపం, వీడికింకా తెలీలేదు అంటారు. నాలుగో మేడ దగ్గర తాపీలు పట్టుకుని మీదికొచ్చేరు. నేను పరిగెత్తేసేను. ఆయన పరిగెత్తలేదు, అయిదో మేడకి వెళ్ళేరు."

"మా ఆయన కువైటులోనే ఉన్నారని ఆయనకి ఎలా చెప్పడమండీ ఇప్పుడు?"

"ఏలీయా లేకుండా రేవులో అడుగు పెట్టనని ఒట్టేసుకున్నారు కదమ్మా. ఏ సత్రంలో ఉంటున్నారో కూడా తెలీదు. రోజుకో చోటికి మారుస్తున్నారు, మేడల్ని బట్టి."

ఇది జరిగి ఇరవై రోజులు దాటింది. లీలావతి రోజూ మిల్లు వైపు చూస్తోంది. ఇప్పుడు ఆమె ప్రార్థనలో ఏలీయా పేరు రెండోది. ప్రభాకరరావు గారి పేరే ముందు వస్తుంది.

అందుచేత మీలో ఎవరైనా హైదరాబాదులో మేడ కట్టిస్తుంటే, మధ్యాహ్నం భోజనాల వేళ దయచేసి ఒకసారి పని దగ్గరికి వెళ్ళి చూడండి. తెల్ల పంచె, గొడుగు, చంకలో అట్లాసుతో ఒక పెద్దాయన కనిపిస్తే, అన్నం తిన్నారో లేదో కనుక్కోండి. కువైటు ఎంత దూరమని మాత్రం అడగకండి.